కాంట్రాక్టరు "పైసా తీసుకోలేదు" అంటే సరిపోతుందా? వలస కార్మికుల నియామక ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో కనుక్కోవడం

ప్రశ్న క్లుప్తంగా ఇది: "జీడిమెట్లలో మాది మందుల కంపెనీలకు ఇంటర్మీడియెట్లు (మందుల తయారీలో మధ్య దశలో వాడే రసాయనాలు) చేసిపెట్టే యూనిట్. కాంట్రాక్టు మీద 60 మంది ఉన్నారు, దాదాపు అందరూ ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ వాళ్లే. యూరప్ కస్టమర్ పంపిన ఫారంలో 'పనిలో చేరడానికి ఏ కార్మికుడూ డబ్బు కట్టలేదని ధ్రువీకరించండి' అని ఉంది. కాంట్రాక్టరును అడిగితే పైసా తీసుకోలేదంటున్నాడు, కావాలంటే బాండు పేపరు మీద రాసిస్తానంటున్నాడు. సంతకం పెట్టి పంపేయొచ్చా?"

పెట్టకండి.

కాంట్రాక్టరు అబద్ధమాడుతున్నాడని అనడం లేదు. తన చేత్తో అతను నిజంగానే తీసుకోకపోయి ఉండొచ్చు. అతని కింద మనుషులను పోగుచేసి తెచ్చే సర్దారు ఒకడు ఉంటాడు, సర్దారుకు ఊళ్లో ఇంకో మనిషి ఉంటాడు. డబ్బు చేతులు మారేది ఒడిశాలో ఏ బలంగీర్‌లోనో, బీహార్‌లో ఏ గయలోనో. మీ గేటు దాకా వచ్చేసరికి అది కుర్రాడి నెత్తిమీద అప్పుగా మారిపోయి ఉంటుంది. బాండు పేపరు మీద కాంట్రాక్టరు రాసిచ్చేది తన సంగతి, కస్టమర్ అడిగింది కార్మికుడి సంగతి. ఆ కాగితం నమ్ముకుని మీరు సంతకం పెడితే, రేపు కస్టమర్ తరఫున వచ్చే ఆడిటర్ ఇద్దరిని పక్కకు పిలిచి మాట్లాడిన పది నిమిషాల్లో మీది తప్పుడు ప్రకటన అవుతుంది. కార్మికుడు ఫీజు కట్టినట్టు బయటపడితే సరిచేసుకోవడానికి సాధారణంగా గడువు దొరుకుతుంది. లేదని రాసిచ్చాక బయటపడితే ఆ గడువు అడిగే మొహం మీకు ఉండదు.

ముందు, ఫీజు అంటే ఏమిటో సరిచూసుకోండి. మన దగ్గర దీన్ని ఏజెంటు కమీషన్ అనే అనుకుంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన నిర్వచనంలో కమీషన్‌తో పాటు మెడికల్ పరీక్షలు, ఇన్సూరెన్స్, నైపుణ్య పరీక్షలు, ట్రైనింగ్, యూనిఫాం, సేఫ్టీ సామాన్లు, రానూపోనూ ప్రయాణం, దారిలో బస, కాగితాల ఖర్చు అన్నీ ఉన్నాయి. దేశం దాటి వెళ్లేవాళ్లకే కాదు, రాష్ట్రం దాటి వచ్చేవాళ్లకీ అదే. ఆ లెక్కన సేఫ్టీ షూ కోసం మొదటి జీతంలో ₹900 కటింగ్ పెట్టి ఉంటే అదీ ఫీజే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఊళ్లో ఏజెంటు కోసం వెతుకుతూ కూర్చుంటారు, దొరకాల్సింది మాత్రం తమ కాంట్రాక్టరు వేజ్ రిజిస్టర్‌లో 'ఇతర కటింగులు' అనే గడిలో ఉంటుంది.

ఇది కస్టమర్ల ఫ్యాషన్ అనుకునేవాళ్లకు ఒక మాట. 2020 జూలైలో మలేషియాకు చెందిన టాప్ గ్లవ్ కంపెనీ చేతి తొడుగులను అమెరికా కస్టమ్స్ రేవులో ఆపేసింది. బంగ్లాదేశ్, నేపాల్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బు, దానివల్ల మోస్తున్న అప్పు అందులో ఒక ముఖ్య కారణం. కంపెనీ ఆ డబ్బు కార్మికులకు తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో గానీ ఆంక్ష ఎత్తేయలేదు. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును నిషేధించే యూరప్ చట్టం 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. మీకు ఫారం రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మన చట్టం సంగతికొస్తే, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉంటేనే వర్తించేది. నెల జీతంలో సగం డిస్‌ప్లేస్‌మెంట్ అలవెన్స్ (ఊరు వదిలి వచ్చినందుకు ఇచ్చే భత్యం), ప్రయాణ భత్యం, ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వమంది. పాస్‌బుక్ ఎంతమంది చేతికి వచ్చిందో అందరికీ తెలిసిందే. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పది మంది ఉంటే వర్తిస్తుంది. తనంతట తాను వచ్చి చేరినవాడు కూడా వలస కార్మికుడి కిందికే వస్తాడు, ఇది మంచి మార్పు. డిస్‌ప్లేస్‌మెంట్ అలవెన్స్ పోయింది, ఏడాదికోసారి సొంతూరికి రానూపోనూ చార్జీ యజమాని ఇవ్వాలన్నది ఉంది. మీకు అసలు కావలసిన వాక్యం అదే కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల భాగంలో ఉంది: కాంట్రాక్టరు కార్మికుడి నుంచి నేరుగా గానీ, చాటుగా గానీ, పూర్తిగా గానీ, కొంత గానీ ఏ ఫీజూ కమీషనూ తీసుకోకూడదు. ఆ భాగం 50 మంది కాంట్రాక్టు కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది, మీకు 60 మంది. అంటే యూరప్ వాడు అడిగింది కొత్తదేమీ కాదు. రాష్ట్ర నియమాలు, ఫారాలు మాత్రం మీ లేబర్ కన్సల్టెంట్‌తో తాజాగా సరిచూసుకోండి, పాత ఫారాలే నింపుతూ పోకండి.

ఇక అసలు విషయం. ఫీజు ఊళ్లో పుట్టదు, మీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పుడుతుంది. కాగితం, పెన్ను తీసుకుని మీ కాంట్రాక్టరు లెక్క మీరే ఒకసారి వేయండి.

ఉదాహరణకు రోజు కూలీ ₹520 అనుకుందాం. 26 రోజులకు ₹13,520. పీఎఫ్‌లో యజమాని వాటా, చార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, బోనస్ 8.33 శాతం, సెలవులు, గ్రాట్యుటీ కలిపితే మనిషికి దాదాపు ₹18,000 అవుతుంది. 60 మందికి నెలకు 10.8 లక్షలు. మీరిచ్చే సర్వీస్ చార్జి 4 శాతం అనుకుంటే అతనికి మిగిలేది ₹43,200. ఇప్పుడు మీరు బిల్లు పాస్ చేయడానికి తీసుకునే సమయం చూడండి. 60 రోజులైతే అతను రెండు నెలల జీతాలు, అంటే 21.6 లక్షలు, ఎప్పుడూ బయట పెట్టి ఉండాలి. బ్యాంకు ఇవ్వదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెల వడ్డీ ₹43,200. సర్వీస్ చార్జి మొత్తం వడ్డీకే సరి.

సూపర్‌వైజర్ జీతం, డీసీఎం వ్యాన్ కిరాయి, మనిషి మానేస్తే ఇంకో మనిషిని తెచ్చే ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయి? కార్మికుడి దగ్గర్నుంచే. డబుల్ ఇవ్వాల్సిన ఓవర్‌టైమ్‌ని సింగిల్‌గా ఇస్తే, ఇదే రేటుకు మనిషికి నెలకు 30 గంటల చొప్పున 60 మంది మీద ₹1,17,000 మిగులుతుంది. వచ్చేటప్పుడు తీసుకునే కమీషన్, వచ్చాక రూమ్ కటింగ్ దానికి అదనం. కొటేషన్లలో అందరికంటే తక్కువ సర్వీస్ చార్జి రాసినవాడికి పని ఇచ్చి, ఆపైన ఫీజు తీసుకోలేదని బాండు అడగడం నా దృష్టిలో నాటకం. రెండు, మూడు శాతానికి ఒప్పుకున్న కాంట్రాక్టరు కార్మికుల నుంచి ఏదో ఒక రూపంలో లాగుతున్నాడనే లెక్కతోనే మొదలుపెట్టండి, కాదని తేలితే సంతోషం.

కాబట్టి పరిశీలన మీ ఆఫీసు నుంచి మొదలుకావాలి. గత ఏడాది వర్క్ ఆర్డర్, బిల్లులు తీయండి. నియామక ఖర్చు అనే లైను ఉందా? టికెట్ డబ్బు, మెడికల్, షూ, యూనిఫాం ఎవరు కట్టారో బిల్లుల్లో కనిపిస్తుందా? కనిపించకపోతే సమాధానం సగం దొరికినట్టే, ఎందుకంటే మనుషులు దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికే రాలేదు.

తర్వాత వేజ్ రిజిస్టర్, బ్యాంకు జమలు, గేటు పంచింగ్ మూడూ పక్కపక్కన పెట్టండి. పీఎఫ్ జాబితాలో ఒకే మొబైల్ నంబరు నలుగురైదుగురు కార్మికుల యూఏఎన్‌లకు (పీఎఫ్ సభ్యుల నంబర్లకు) లింకై ఉంటే ఆగండి. అది సాధారణంగా మేస్త్రీ నంబరో, కాంట్రాక్టరు గుమాస్తా నంబరో అయి ఉంటుంది. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తే పీఎఫ్ వాడి చేతిలో ఉన్నట్టు. చేరిన నెలలో 26 రోజుల పంచింగ్ ఉండి 11 రోజుల జీతమే పడితే, 15 రోజులు 'కింద పట్టి' ఉంచారని అర్థం. వెళ్లిపోతే ఆ డబ్బు పోతుందన్న భయమే మనిషిని కట్టి పడేసే తాడు. వేతనాల కోడ్ ప్రకారం మానేసినవాడికి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. 'మనిషిని పంపితే సెటిల్ చేస్తా' అన్న మాట చట్టంలో లేదు.

కాగితాలు అక్కడితో అయిపోతాయి. మిగతాది మాట్లాడితేనే తెలుస్తుంది. ఎలా మాట్లాడాలన్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

హెచ్ఆర్ క్యాబిన్‌లోకి ఒక్కొక్కరినీ పిలిచి, పక్కన కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌ను అనువాదానికి కూర్చోబెట్టి "డబ్బులేమైనా కట్టావా?" అని అడిగితే 60కి 60 మంది 'నహీ సాబ్' అంటారు. ఆ రికార్డుకు విలువ లేదు, పైగా అందరికీ ఒకే జవాబు రావడం ఆడిటర్‌కు ఇంకో అనుమానం. ఆదివారం, లేబర్ రూములకు దూరంగా, ఒడియా, భోజ్‌పురి లేదా మామూలు హిందీ వచ్చిన బయటి మనిషితో మాట్లాడించండి. స్వచ్ఛంద సంస్థల్లో అలాంటివాళ్లు దొరుకుతారు. మీరు అక్కడ ఉండకండి. 60 మందిలో కనీసం 15 మంది అయినా ఉండాలి. ప్రతి సర్దారు గుంపు నుంచి ఇద్దరు ముగ్గురు, గత మూడు నెలల్లో చేరినవాళ్లు, ఏడాది దాటినవాళ్లు, కుదిరితే మానేసి పక్క యూనిట్‌లో చేరినవాళ్లు ఇద్దరు. మానేసినవాళ్లకు భయం ఉండదు. మొత్తం జాతకం చెప్పేది వాళ్లే.

'ఫీజు' అన్న మాటే ఎత్తవద్దు. ఆ మాటకు వాళ్ల లెక్కలో అర్థం లేదు. ఇచ్చింది 'ఖర్చు', తీసుకున్నది 'అడ్వాన్స్'. ప్రయాణం కథ అడిగించండి. ఈ పని ఉందని ఎవరు చెప్పారు? బయలుదేరేటప్పుడు చేతిలో ఎంత ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చింది? టికెట్ ఎవరు కొన్నారు? సికింద్రాబాద్‌లో దిగాక ఎవరొచ్చారు, ఆటోకు ఎవరిచ్చారు? మొదటి జీతం చేతికి ఎంత వచ్చింది, ఎంత వస్తుందని ఊళ్లో చెప్పారు? ఏటీఎం కార్డు ఇప్పుడు ఎక్కడుంది? ఆధార్ ఒరిజినల్ ఎక్కడుంది? పండక్కి ఊరెళ్లాలంటే ఎవరిని అడగాలి, వెళ్లి రాకపోతే ఏమవుతుంది? ఇంట్లో ఇంకా ఎవరికైనా బాకీ ఉందా?

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో కొన్ని గుర్తులు తేలిగ్గా దొరుకుతాయి. జీతం పడిన మర్నాడు ఆరేడుగురు తలా ₹1,500 ఒకే నంబరుకు ఫోన్‌పే చేస్తుంటే అది రూమ్ అద్దె అయినా కావచ్చు, కమీషన్ అప్పు వాయిదా అయినా కావచ్చు. పదో నెల దాటాక ఆగిపోతే మాత్రం అద్దె కాదు. ఏటీఎం కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి మేస్త్రీ ట్రంకు పెట్టెలో ఉండి, కవరు మీద పెన్నుతో పిన్ రాసి ఉంటే ఇక అడగాల్సింది లేదు. రూము కింద కిరాణా కొట్టు మేస్త్రీ బావమరిదిది అయ్యి, ఖాతా తీరకుండా ఎవరూ వెళ్లకూడదంటే అదీ అప్పు ఉచ్చే. వారంవారం చేతిఖర్చుకు ఇచ్చే డబ్బు (ఖర్చీ) ఏ చిట్టీ మీద రాస్తున్నారో కూడా చూడండి. చిట్టీ కార్మికుడి దగ్గర కాకుండా మేస్త్రీ దగ్గరే ఉంటే అందులో రాసిన అంకెకు అతనే మారాజు. ఒక జాగ్రత్త: ఫోను తీసుకుని మీరే స్టేట్‌మెంట్ తెరిచి చూడకండి. వాళ్లు చూపిస్తే చూడటం వేరు.

పేర్లు ఏ నివేదికలోనూ రాయవద్దు. 'రూటు అ, సర్దారు 2, ఆరుగురు' అని చాలు. పేర్లు కాంట్రాక్టరుకు చేరిన రోజే నలుగురికి పని పోతుంది, ఆ తర్వాత ఇంకెవ్వరూ నోరు విప్పరు.

సరే, డబ్బు తీసుకున్నారని తేలింది. ఇక్కడ కంపెనీలు చేసే అతి పెద్ద తప్పు ఆవేశపడి కాంట్రాక్టరును తీసేయడం. అతను 60 మందినీ వెంటబెట్టుకుని వెళ్తాడు, లేదా వదిలేసి వెళ్తాడు. ఎలా పోయినా అప్పు మాత్రం కార్మికుడి దగ్గరే ఉంటుంది. నిజం చెప్పినందుకు వాడికి దక్కింది ఉద్యోగం పోవడం. ముందు డబ్బు తిరిగివ్వాలి, తర్వాతే కాంట్రాక్టరు సంగతి.

ఎంత ఇవ్వాలన్నది లెక్క తేలక చాలాచోట్ల ఆగిపోతుంది. రసీదు తెమ్మంటే ఎవరి దగ్గరా ఉండదు, రసీదు అడగడమే అన్యాయం. పద్ధతి ఏమిటంటే రూటు వారీగా, సర్దారు వారీగా, చేరిన సంవత్సరం వారీగా గుంపులు కట్టి, ఆ గుంపులో చెప్పిన అంకెల్లో పై వైపు అంకెను అందరికీ లెక్కకట్టాలి. బలంగీర్ నుంచి ఒకే సర్దారుతో వచ్చిన పదకొండు మందిలో నలుగురు ₹4,000, ఐదుగురు ₹4,500, ఇద్దరు ₹5,000 అన్నారనుకోండి. అందరికీ ₹5,000 ఇవ్వండి. సగటు తీసి ఇస్తే కొందరికి నష్టం, మీకు మిగిలేది ఆరున్నర వేలు. దాని గురించి రెండు నెలలు వాదించుకునే ఆడిట్ మీటింగుల ఖర్చే ఎక్కువ. అప్పు తెచ్చి కట్టినవాళ్లకు వడ్డీ కూడా కలపాలి.

డబ్బు మీ కంపెనీ ఖాతా నుంచి కార్మికుడి సొంత ఖాతాకు నేరుగా వెళ్లాలి. కాంట్రాక్టరు ద్వారా వద్దు. అంతకుముందు ఏటీఎం కార్డులు, పిన్‌లు ఎవరివి వాళ్ల చేతికి వచ్చాయో చూసుకోండి, లేకపోతే మీరిచ్చింది నేరుగా ట్రంకు పెట్టెలోకి పోతుంది. జీతంతో కలిపి వేయకుండా విడిగా వేసి, దేనికి ఇస్తున్నారో వాళ్ల భాషలో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. బయటపడిన రోజు నుంచి 90 రోజుల్లో పూర్తిచేయడం కస్టమర్లు సాధారణంగా ఒప్పుకునే గడువు. గత ఏడాది మానేసినవాళ్లకు కూడా ఫోన్ చేసి ఇవ్వాలి. ఇది ఎవరికీ ఇష్టముండదు, ఆడిటర్ మొదట అడిగేది మాత్రం ఇదే. కాంట్రాక్టరు నుంచి డెబిట్ నోటుతో (అతని బిల్లులో తగ్గించి) మీరు తర్వాత రాబట్టుకోండి, అది తేలేదాకా కార్మికుడి డబ్బు ఆపకండి.

నెల తర్వాత మళ్లీ ఆ బయటి మనిషినే పంపి, ఇచ్చిన డబ్బు ఎవరైనా వెనక్కి వసూలు చేశారా అని అడిగించండి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, వెనక్కి వసూలూ ఎక్కువే.

కొత్త వర్క్ ఆర్డర్‌లో మార్చాల్సినవి ఇవి. నియామక ఖర్చు విడి లైనుగా పెట్టండి: టికెట్, దారి భోజనం, మెడికల్, షూ, రెండు జతల యూనిఫాం, ఊళ్లో మనిషికి ఇచ్చేది, ఇండక్షన్ రోజుల కూలీ. మీ సొంత బిల్లులతో కట్టి చూడండి. ఉదాహరణకు మనిషికి ₹7,800 తేలితే, ఏడాది ఉండేవాడి మీద నెలకు ₹650. మీ ఉత్పత్తి ఖర్చులో ఇది కనిపించనంత చిన్నది, కార్మికుడికి మాత్రం పదిహేను రోజుల కూలీ. ఊళ్లో మనిషికి డబ్బిస్తున్నామని రాసుకోవడానికి మొహమాటపడకండి. అతను పని చేస్తున్నాడు, ఎవరో ఒకరు ఇవ్వాలి, అది మీరే కావాలి. బిల్లు 15 రోజుల్లో పాస్ చేయండి. సర్వీస్ చార్జిని గట్టిగా బేరమాడే బదులు ఈ ఒక్క మార్పు చేస్తే పై లెక్కలో అతని వడ్డీ నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు 'ఫీజు తీసుకుంటే ఆర్డర్ రద్దు' అన్న షరతుకు బలం వస్తుంది. కింది సర్దారుల పేర్లు, ఊళ్లు ఆర్డర్‌కు జతచేయించండి, వాళ్లు మారితే చెప్పాలని రాయండి.

చేరే ముందే, రైలు ఎక్కకముందే, కూలీ ఎంత, కటింగులు ఏమిటి, రూము ఎక్కడ, పని ఏమిటి అన్నది ఒడియాలోనో హిందీలోనో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపించండి. కాగితం చదవలేనివాడికీ అది వినపడుతుంది, తర్వాత సాక్ష్యంగా ఫోనులో ఉంటుంది. సాల్వెంట్లు, రియాక్టర్ల దగ్గర పని అన్న మాట దాచకండి. రిజిస్టర్‌లో ఇంటివాళ్ల ఫోను నంబర్లు రెండు రాయించండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో చనిపోయినవాళ్లలో చాలామంది బయటి రాష్ట్రాల వాళ్లే. లోపల ఎవరున్నారన్న జాబితా సరిగ్గా ఉండటం ఎందుకు ముఖ్యమో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

గల్ఫ్ గురించి కొందరు అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. వలసల చట్టం, 1983 కింద లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి నుంచి సర్వీస్ చార్జిగా గరిష్ఠంగా ₹30,000, దానిపై జీఎస్టీ తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి. అంటే ఇక్కడ చట్టం ఒప్పుకునే డబ్బును కూడా కస్టమర్ నియమాలు ఒప్పుకోవు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి మనుషులను పంపే కంపెనీ 'చట్ట ప్రకారమే తీసుకున్నాం' అంటే కస్టమర్ దగ్గర చెల్లదు. ఆ ₹30,000 కూడా యజమానే కట్టేలా డిమాండ్ లెటర్‌లోనే (మనుషులు కావాలని విదేశీ యజమాని ఇచ్చే పత్రంలోనే) రాయించాలి. ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా తీసుకోవడం ఇంకో దారి.

మళ్లీ మీ ఫారం దగ్గరకు. గడువు దగ్గరపడితే ఖాళీగా పంపకండి, 'అవును' అని టిక్కూ పెట్టకండి. వ్యాఖ్యల గడిలో ఇలా రాయండి: "60 మంది కాంట్రాక్టు కార్మికుల్లో దాదాపు అందరూ మూడు రాష్ట్రాల నుంచి వచ్చారు. ప్రస్తుత వర్క్ ఆర్డర్‌లో నియామక ఖర్చుకు కేటాయింపు లేదు. అందువల్ల కార్మికులు కొంత భరించి ఉండే అవకాశం ఉందని భావిస్తున్నాం. బయటి వ్యక్తులతో ఇంటర్వ్యూలు ఫలానా తేదీకి, తిరిగి చెల్లింపు ఫలానా తేదీకి పూర్తిచేస్తాం. కొత్త వర్క్ ఆర్డర్ నమూనా జతచేశాం." తేదీలు మీరు నిలబెట్టుకోగలిగినవే వేయండి. ఇంటర్వ్యూలకు మూడు వారాలు పెట్టుకోండి, పండగలకు ముందు మాత్రం పెట్టుకోవద్దు, సగం మంది ఊళ్లో ఉంటారు.